పన్నెండేళ్ళకోసారి వచ్చే జనం

22 సెప్టెంబర్ 2018, శనివారం. మరయూర్

ఆరింటికల్లా బయల్దేరాలని మరిది రాత్రంతా హెచ్చరిస్తూనే ఉన్నాడు. ఇడ్లీలు, చట్నీ డబ్బాలు, ఫ్లాస్కులు సర్దుకుని ఉడుమలైపేట దాటేసరికి ఎనిమిదిన్నర. నిన్న మొహర్రం సెలవు, ఇవాళ శనివారం, రేపు ఆదివారం. చిన్నార్ చెక్‌పోస్టు దగ్గర కార్ల బారు చూసి ఈయన అక్కడే డీలా పడిపోయారు. బారులో టీఎస్ నంబర్లు, ఏపీ నంబర్లు కూడా బాగానే ఉన్నాయి. పన్నెండేళ్ళకోసారి పూసే కురింజి పువ్వని టీవీలో చూపించాక మనవాళ్ళు ఇంట్లో కూర్చుంటారా! నేనూ ఆ బాపతే కాబట్టి గట్టిగా అనడానికి లేదు. బోటనీ లెక్చరర్ని, నాది వినోదం కాదు, పని అని ఈయన దగ్గర కోతలు కోశాను గానీ, సెలవుకి పెట్టిన అర్జీలో కారణం మాత్రం 'బంధువుల ఇంటికి' అనే రాశాను.

చిన్నార్ అడవిలో జెముడు, తుమ్మ, ఎండిన గడ్డి. వాన మేఘాలన్నీ కొండకి అవతలే కురిసి ఖాళీ అయిపోతాయి, ఇటు వైపుకి గాలే మిగులుతుంది. అయినా ఈ ఎండు నేలకి ఒక ఏరు ఉంది. కేరళలో నదులన్నీ పడమటికే పారతాయి, మూడు తప్ప. కబిని, భవాని, పాంబార్ తూర్పుకి తిరిగి కావేరిని చేరతాయి. పాంబార్ ఈ కొండల మీద పుట్టి, చిన్నార్ మీదుగా దిగి అమరావతి జలాశయంలోకి వెళ్తుంది. మరిది చెరకు, కొబ్బరి ఆ డ్యామ్ కాలువ కిందే. వాళ్ళ పూర్వీకులు ఎప్పుడో తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, కోపం వస్తే రెండూ.

"పైన గడ్డి బాగుంటేనే కింద మాకు నీళ్ళు వదినా" అన్నాడు స్టీరింగ్ వదలకుండా.

"గడ్డేంటి, అడవి కదా నీళ్ళు పట్టుకునేది?" అన్నారు ఈయన.

"అడవి లోయల్లో ఉంటాది అన్నయ్యా. పైనంతా గడ్డే. రేపు చూద్దురు గానీ."

మరయూర్‌లో గంధం చెట్ల చుట్టూ కంచెలు, గానుగల దగ్గర బెల్లం వాసన. లాడ్జి వాడు గది అద్దె మామూలుకి రెట్టింపు చెప్పాడు. బేరమాడితే 'కురింజి సీజన్' అని ఒక్క ముక్క అని ఊరుకున్నాడు. మళ్ళీ 2030 దాకా ఈ మాట అనడానికి అతనికి అవకాశం రాదు, పోనీలే.

23 సెప్టెంబర్ 2018, ఆదివారం. రాజమల నుంచి వచ్చాక

అయిదో మైలు దగ్గర టికెట్ల క్యూలో ఉండగానే ఎండ, వాన, పొగమంచు మూడూ అయిపోయాయి. లోపలికి సొంత బండ్లు పోనివ్వరు, అటవీశాఖ బస్సే. దిగాక తారు దారి వెంట నడక. దారి దాటి గడ్డిలో కాలు పెట్టకూడదు.

జనం నిరాశ పడ్డారు. మా వెనకాల హైదరాబాద్ కుటుంబం ఒకటి. "ఫోటోల్లో కొండ మొత్తం నీలంగా ఉంది కదండీ, ఇదేంటి, ముక్కలు ముక్కలుగా?" అని ఆవిడ భర్తని నిలదీస్తోంది, ఆ పూలు ఆయన పూయించాల్సినవైనట్టు. ఈసారి పూత పలచబడటానికి కారణం అందరికీ తెలిసిందే. ఆగస్టు 9న ఇడుక్కి దగ్గర చెరుతోణి గేట్లు ఇరవై ఆరేళ్ళ తర్వాత ఎత్తారు. ఆ తర్వాతి వారం మున్నార్ నీళ్ళలో ఉంది. మొగ్గ విచ్చాల్సిన రోజుల్లో సూర్యుడే లేడు. మున్నార్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి పెరియవరై దగ్గర వంతెన కొట్టుకుపోయి, తాత్కాలికంగా వేసిన దారే గతి. అలాంటి ఏడాదిలో ఈ మాత్రం పూయడమే గొప్ప.

నేను మాత్రం ఒక పొద దగ్గర కూర్చుండిపోయాను, దారి అంచునే. మోకాలి ఎత్తు. కాండం గుండ్రంగా లేదు, వేళ్ళ మధ్య నలిపితే నాలుగు పలకలు తెలుస్తాయి. ఆకు అంచు సన్నగా రంపం పళ్ళు, ఈనెలు లోపలికి దిగబడి ఆకంతా మడతలు పడ్డట్టు ఉంటుంది. పువ్వు చిన్న గంట, అయిదు పెదవులు. కొత్తగా విచ్చినది వెలిసిన నీలం, ముదిరినది ఊదా. ఒకే కంకి మీద రెండు రంగులూ ఉన్నాయి కాబట్టి దూరం నుంచి చూసేవాడికి ఏ రంగని చెప్పాలో తెలియదు. వాసన ఏమంత లేదు. తేనెటీగలు మాత్రం నన్ను లెక్కచెయ్యకుండా దూరి వస్తున్నాయి, ఒకటి నా చూపుడువేలి మీద కూర్చుని కాళ్ళు దులుపుకుని మళ్ళీ వెళ్ళింది.

పొద మొదట్లో చూస్తే చుట్టూ గడ్డి ఎంత దట్టంగా అల్లుకుందో! ఇక్కడి ముఖ్యమైన గడ్డి క్రైసోపోగాన్ ప్రజాతిది, మన వట్టివేరుకి దగ్గరి చుట్టం. కురింజి ఆ గడ్డి కుదుళ్ళ మధ్యే మొలిచి, వాటితో పాటే గాలికి ఒంగి, పన్నెండేళ్ళు ఒక ఆకుపచ్చ పొదగానే ఉంటుంది. ఎవరూ ఫోటో తీయరు. పూసి, కాసి, గింజ రాల్చి చచ్చిపోతుంది.

వరయాడు, అంటే నీలగిరి తార్, రెండు బారల దూరంలో మేస్తోంది. లోకంలో వీటి సంఖ్య అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఈ ఇరవికుళం పార్కులోనే. అవి ఇంత నిర్భయంగా తిరగడానికి పాత కథ ఒకటుంది. ఇది ఒకప్పుడు తేయాకు కంపెనీ దొరల వేట మైదానం. వేట కోసమే గడ్డిని దున్నకుండా, తేయాకు వెయ్యకుండా కాపాడుకున్నారు. 1971లో కన్నన్ దేవన్ భూముల చట్టం తెచ్చి ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1975లో అభయారణ్యం, 1978లో నేషనల్ పార్కు. చుట్టూ కొండలన్నీ తేయాకుతో దువ్వినట్టు ఉంటే, తుపాకీ పట్టుకున్నవాడి పుణ్యమా అని ఈ తొంభై ఏడు చదరపు కిలోమీటర్లు మిగిలింది. దీన్ని పాఠంలో ఎలా చెప్పాలో నాకు తెలియదు, పిల్లలు అపార్థం చేసుకుంటారు.

కాపలా మనిషి ముదువాన్ తెగవాడు. మరిది తమిళంలో అడిగాడు, వయసెంతని. "నేను పుట్టాక ఇది అయిదో పూత" అన్నాడు. అంటే 1970, 82, 94, 2006, ఇప్పుడు. నలభై ఎనిమిది నుంచి అరవై లోపు ఎంతైనా కావచ్చు. ఈ కొండల్లో వయసు ఇలా చెప్పుకోవడం పాత అలవాటట. ఆధార్ కార్డులో ఏం రాయించాడో అడగాలనుకున్నాను, అంతలో ఎవరో కొమ్మ తుంచారని ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. తుంచిన పెద్దమనిషి గులాబీ పువ్వులా కోటు జేబుకి పెట్టుకోబోయాడు పాపం.

ఈ పూతలకి రాతపూర్వకమైన లెక్క 1838 నుంచి ఉంది. పన్నెండేసి కలుపుకుంటూ వస్తే ఇది పదహారోది.

24 సెప్టెంబర్ 2018, సోమవారం. వట్టవడ

అసలు ఈ రోజు కోసమే నేను వచ్చింది. కురింజిమల అభయారణ్యం అంటే ఒక గేటు, ఒక బోర్డు, లోపల నీలం కొండలు అనుకుంటారు ఎవరైనా. 2006 పూత సంబరంలో ప్రకటించారు, వట్టవడ, కొట్టకంబూర్ గ్రామాల్లో సుమారు 32 చదరపు కిలోమీటర్లు. అదే ఏడు తపాలా బిళ్ళ కూడా వేశారు. మళ్ళీ పూత వచ్చేసింది, సరిహద్దు రాళ్ళు ఎక్కడ వెయ్యాలో ఇంకా తేలలేదు. లోపల పట్టాలున్నవాళ్ళున్నారు, పట్టా ఉందనేవాళ్ళున్నారు, ఎవరికీ తెలియకుండా కంచె వేసుకున్నవాళ్ళున్నారు. ఎవరిది ఏదో తేల్చడానికి రెవెన్యూ వాళ్ళూ, అటవీ వాళ్ళూ, రాజకీయాల వాళ్ళూ కలిసి కూర్చోవాలి. ఆ మాట వినగానే మన ఊళ్ళో పోడు భూముల పంచాయితీ గుర్తొచ్చి నాకేం ఆశ్చర్యం కలగలేదు.

టాప్ స్టేషన్ దాటి, పాంపాడుం షోలా చీకట్లోంచి బయటపడగానే వట్టవడ మెట్ల పొలాలు. వెల్లుల్లి, క్యారెట్, బంగాళాదుంప, క్యాబేజీ. వాటి పైన, ఎటు చూసినా గ్రాండిస్. మన వైపు జామాయిల్ అంటాం కదా, దాని అన్న. నిటారుగా, తెల్లగా, బోలెడు అందం. కింద చూస్తే ఎండాకులు తప్ప ఏమీ లేదు. నాలుగడుగులు లోపలికి వెళ్ళి వెతికాను, ఒక్క గడ్డిపరక కనపడలేదు. చెట్ల వరస ఎక్కడ ఆగిందో అక్కడ గడ్డి మొదలైంది, ఆ గడ్డి అంచులో అయిదారు కురింజి పొదలు పూసి ఉన్నాయి. చెట్టుకీ పువ్వుకీ మధ్య బారెడు దూరం. వచ్చే పూతకి ఆ బారెడు ఉంటుందా?

టీకొట్టు దగ్గర ఒక రైతు లెక్క చెప్పాడు. వెల్లుల్లి వేస్తే అడవిపంది తవ్వేస్తుంది, క్యారెట్ వేస్తే అడవిదున్న తొక్కేస్తుంది, రెండూ తప్పించుకుంటే మార్కెట్లో దళారి ఉండనే ఉన్నాడు. గ్రాండిస్‌కి కాపలా అక్కర్లేదు, నీళ్ళు పెట్టక్కర్లేదు. కూతురి పెళ్ళికి నరికి అమ్ముకోవచ్చు, మోడు నుంచి మళ్ళీ లేస్తుంది. "ఊట బావి ఎండిపోయింది, నిజమే. కానీ ఊట ఎండిందని బ్యాంకు వాడు బాకీ మాఫీ చేస్తాడా?" అన్నాడు. ఈయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు కాబట్టి ఆ ప్రశ్న ఆయన వైపు తోసేసి నేను టీ తాగాను.

రైతుని తిట్టడం తేలిక. ఇటు గ్రాండిస్ వచ్చింది తేయాకు ఫ్యాక్టరీల పొయ్యిలకి కట్టెల కోసం. వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి నీలగిరికి దిగింది, తర్వాత దాని బెరడు తోళ్ళు ఊనడానికని ప్రభుత్వమే కొండల మీద కొండలు నాటించింది. గడ్డి నేలని రికార్డుల్లో పనికిరాని భూమిగా రాసుకుంది కాబట్టి నాటినవాళ్ళకి తాము పుణ్యం చేస్తున్నామనే అనిపించి ఉంటుంది. ఇప్పుడు వాటిల్‌ని ఎవరూ నాటక్కర్లేదు. దాని గింజ నేలలో దశాబ్దాల తరబడి చావదు. కొండకి నిప్పంటుకుంటే మిగతావన్నీ కాలుతాయి, ఆ గింజలు మాత్రం వేడికి పెంకు పగిలి ఒక్కసారిగా మొలుస్తాయి.

గడ్డి ఎందుకుంది ఈ ఎత్తున, చెట్లు ఎందుకు లేవు అంటే, అడవి నరికేసినందువల్ల కాదు. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు ఇక్కడ మంచు గడ్డకడుతుంది. షోలా అడవి మొక్క లోయల నీడలో బతుకుతుంది గానీ ఆరుబయట వాలు మీద లేత మొలక ఆ చలికి మాడిపోతుంది. నీలగిరి బురద నేలల పొరలు తవ్వి పరీక్షించి, రామన్ సుకుమార్ బృందం 1993లో నేచర్ పత్రికలో రాసింది, ఇరవై వేల ఏళ్ళ కిందటే ఇక్కడ గడ్డి ఉందని. తేయాకు దొర రాకముందు, రాజులు రాకముందు, వ్యవసాయమే లేనప్పటి గడ్డి. దాన్ని పట్టుకుని ఖాళీ అంటే ఎలా?

రాత్రి చలికి వేళ్ళు వంకర్లు పోతున్నాయి, ఇక ఆపుతాను.

30 సెప్టెంబర్ 2018, ఆదివారం. నర్సీపట్నం

రేపటి క్లాసుకి నోట్సు. అకాంథేసీ కుటుంబం. ఇన్నాళ్ళూ అడ్డసరం, నేలవేము అని మందుమొక్కలతో మొదలుపెట్టేదాన్ని, పిల్లలు నిద్రపోయేవాళ్ళు. ఈసారి కనకాంబరంతో మొదలుపెడతాను, ఆడపిల్లల జడల్లో ఎలాగూ ఉంటుంది. డిసెంబరాలు అదే కుటుంబం. చిటపటకాయలు కూడా. చిన్నప్పుడు ఎండిన కాయని ఉమ్మితో తడిపి పక్కవాడి చేతిలో పెడితే టప్‌మని పేలేది కదా, ఆ కాయ లోపల గింజల కింద చిన్న కొక్కేలుంటాయి. కాయ పగిలినప్పుడు ఆ కొక్కెమే గింజని విసిరేది. కురింజి ఏర్పాటూ ఇంచుమించు అదే. ఎంత విసిరినా కొన్ని గజాలు. గాలికెగిరే రెక్క లేదు, పిట్ట తినే గుజ్జు లేదు. అంటే ఈ మొక్క ఒక కొండ నుంచి పక్క కొండకి వెళ్ళడమంటే తరాల ప్రయాణం, దాని తరం పన్నెండేళ్ళు.

అన్నీ ఒకేసారి ఎందుకు పూస్తాయి అని అందరూ అడుగుతారు. వెదురుతో పోల్చి 1976లో డేనియల్ జాన్‌జెన్ చెప్పిన మాట చెప్తాను. ఏటా కొంచెం కొంచెం గింజ వేస్తే ఎలుకలు, పురుగులు, పిట్టలు ఏటికేడు తినేసి బలుస్తాయి. పన్నెండేళ్ళు పస్తుపెట్టి ఒక్కసారి కుప్పలు పోస్తే ఎంత తిన్నా మిగులుతుంది. తెలివైన ఏర్పాటే, ఎలుకల మీద. జేసీబీ మీద పనిచెయ్యదు.

1 అక్టోబర్

క్లాసు బాగా నడిచింది. వెనక బెంచీ పిల్ల, పాడేరు పైనుంచి వస్తుంది, ఎప్పుడూ నోరెత్తదు. "మేడమ్, ఆరో ఏడు కొండ తగలబడితే ఏమవుద్ది?" అంది. నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఏటా గింజ పడే మొక్కైతే ఒక ఏడు పోయినా మరో ఏడు ఉంటుంది. ఇక్కడ కొండ మొత్తం మీద ఒకే వయసు పొదలు. ఆరో ఏట వాలు దున్నేశారంటే ఆ వాలు మీద పువ్వు చూసిన మొక్క ఒక్కటీ ఉండదు, గింజ వేసే తల్లి ఒక్కటీ ఉండదు. పైగా ఆరో ఏట ఎవరు చూస్తారు? కెమెరాలు పన్నెండో ఏట వస్తాయి. మంత్రులూ అప్పుడే.

9 ఫిబ్రవరి 2019

మరిది ఫోను. మున్నార్ వైపు పెళ్ళికి వెళ్ళాడట. పొదలన్నీ బూడిదరంగు పుల్లలైపోయాయన్నాడు, కురింజి తేనె అని సీసా ఒకటి కొన్నాడట, అసలుదో కాదో నన్ను చెప్పమంటాడు. నేను సీసా చూసి పువ్వు చెప్పగలిగితే ఈ ఉద్యోగం ఎందుకు చేస్తాను.

16 అక్టోబర్ 2022, ఆదివారం

చెల్లెలి కూతురు కోయంబత్తూర్ నుంచి ఆఫీసు స్నేహితులతో శాంతన్‌పార వెళ్ళింది, కళ్ళిప్పార కొండ. వీడియో కాల్ చేసి ఫోను చుట్టూ తిప్పి చూపించింది. ఈసారి నిజంగానే కొండంతా నీలం, 2018లో రాజమలలో మాకు దొరకనిది.

"పెద్దమ్మా, నువ్వు 2030 అన్నావు, ఇదేంటి మరి?"

పన్నెండు పన్నెండే. మొదలుపెట్టిన ఏడు కొండకొకటి. చిక్‌మగళూరు వైపు చంద్రద్రోణ కొండల మీదా ఈ ఏడే పూసింది. ప్రతి గుంపుకీ దాని పంచాంగం దానిది. అది అర్థమయ్యేలా చెప్తుంటే మధ్యలో ఫోను కిందికి వాలింది. మట్టి, చెప్పుల గుర్తులు, నలిగిపోయిన నీలం, నీళ్ళ సీసాలు, కుర్‌కురే కవర్లు. కాలిబాట అనేది లేదు, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కేస్తున్నారు. ఇది పార్కు కాదు కాబట్టి టికెట్టు లేదు, ఈల ఊదేవాడు లేడు.

"కాయ కట్టకముందే తొక్కేస్తే గింజ ఎక్కణ్ణుంచి వస్తుందే?" అన్నాను. "నేను గట్టు మీదే ఉన్నా పెద్దమ్మా" అంది. నేనడిగింది దాన్ని కాదు.

12 ఫిబ్రవరి 2023

నీలకురింజికి చట్టం వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో రక్షిత మొక్కల జాబితాలో, మూడో షెడ్యూల్లో, చేర్చారు. కొయ్యడం, పీకడం, అమ్మడం నేరం. మంచిదే. రాజమలలో కోటు జేబు పెద్దమనిషికి ఇక భయం ఉంటుంది.

కానీ నాకు తెలిసి కురింజిని పీకి అమ్ముకుని ఎవరూ బాగుపడలేదు. దాని కింద నేలని అమ్ముకునే బాగుపడ్డారు. మొక్కని పీకితే కేసు, కొండని రిసార్టుకి చదును చేస్తే ఎన్ఓసీ. సరే, ఉన్నంతలో ఒక అస్త్రం.

15 డిసెంబర్ 2024, ఆదివారం. అరకు

మా వాళ్ళంతా వలిసె పూలు చూడాలని పట్టుబడితే వచ్చాం. సీజను అయిపోవచ్చింది, అక్కడక్కడా పసుపు మడులు. మనిషికింత అని పొలం గట్టు మీద కూర్చుని రైతు వసూలు చేస్తున్నాడు. నాకు ముచ్చటేసింది. గింజ నూనెకి పోగా ఫోటోకి కూడా డబ్బులు, తొక్కితే తన నష్టం కాబట్టి కర్ర పట్టుకుని తనే కాపలా. కురింజికి అలా గట్టు మీద కూర్చునే మనిషి లేడు.

ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో కురింజిని ఈ ఏడు చేర్చారని పేపర్లో వచ్చింది. 'వల్నరబుల్', అంటే ముప్పులో ఉన్నట్టు. ఇన్నేళ్ళుగా ప్రసిద్ధమైన మొక్కని ఇప్పటిదాకా లెక్కించనేలేదా అని ఈయన ఆశ్చర్యపోయారు. ఉన్న గుంపులన్నీ దాదాపు పశ్చిమ కనుమల్లోనే. మన తూర్పు కనుమల వరసలో అయితే తమిళనాడు ఏర్కాడ్ దగ్గర ఒక్క చోట. అరకు నుంచి చూస్తే అదీ దూరమే. కానీ ఇక్కడి కొండల పైన కూడా గడ్డి వాలులు ఉన్నాయి, ఇక్కడా సిల్వర్ ఓక్ వరసలు పైకి పాకుతున్నాయి.

20 జూలై 2025, ఆదివారం

కాలేజీ వెనక గుట్ట మీద మొక్కలు నాటే కార్యక్రమం. ప్రిన్సిపాల్ గారు నన్నే కన్వీనర్ని చేశారు, బోటనీ కదా అని. గుట్ట మీద బోదగడ్డి, నడుం ఎత్తు, వానకి ఇప్పుడే పచ్చబడుతోంది. అడుగు వేస్తే పూరేడు పిట్టలు లేస్తాయి. గుంతలు తియ్యడానికి జేసీబీ మాట్లాడేశారు కూడా.

పళని కొండల మీద జరిగిన అధ్యయనం ప్రింటు తీసుకుని వెళ్ళాను. 1973 నుంచి 2014 దాకా ఉపగ్రహ చిత్రాలు పోల్చి 2018లో ప్రచురించారు. ఆ నలభై ఏళ్ళలో అక్కడి గడ్డినేల మూడింట రెండొంతులు మాయమైంది, చెట్ల తోటలు, సాగు వల్ల. కోడైకెనాల్ అంటే ఇదే కొండ. "ఇవన్నీ వాళ్ళు మంచి మనసుతో నాటిన చెట్లేనండీ" అన్నాను.

ఆయన చదివారు, కాదనలేం. కళ్ళజోడు తీసి, "మేడమ్, పైనుంచి అయిదు వందల మొక్కలని టార్గెట్ వచ్చింది. ఫోటోలు అప్‌లోడ్ చెయ్యాలి. గడ్డి ఫోటో పెడితే ఎవరూ ఒప్పుకోరు" అన్నారు. మనిషి మంచివాడే. చివరికి ఒప్పందం ఏమిటంటే నేరేడు, కానుగ మొక్కలు ప్రహరీ వెంటా, హాస్టల్ చుట్టూ, కాలవ గట్టు మీదా. గుట్ట జోలికి ఈ ఏడు వెళ్ళరు. జేసీబీ వాడికి అడ్వాన్సు పోయింది, దానికి ఎన్ఎస్ఎస్ ఖాతాలో ఏదో పద్దు రాశారు, నేను అడగలేదు.

2 నవంబర్ 2025, ఆదివారం

చెల్లెలి కూతురు మళ్ళీ ఫోను, ఈసారి వట్టవడ నుంచి. పూలు లేని ఏడు అక్కడికెందుకు వెళ్ళావే అంటే, నీ గోల విని విని అంది. పళత్తోట్టం దగ్గర వాటిల్ తీసేసి గడ్డి నాటుతున్నారు, అది చూడ్డానికట. తమిళనాడు కూడా ఇలాంటి విదేశీ మొక్కల్ని తొలగించాలని 2022లో ఒక విధానమే ప్రకటించింది గానీ, చెట్టు కొట్టేయడం సగం పని కూడా కాదు. కొట్టిన చోట నేల ఖాళీగా ఉంటే ఎన్నేళ్ళ నాటి వాటిల్ గింజలో లేస్తాయి. అందుకని పక్క వాలు నుంచి స్థానిక గడ్డి కుదుళ్ళు తెచ్చి, విడదీసి, ఊరివాళ్ళే చేత్తో నాటుతున్నారు. నాట్లు వేసినట్టే. వానాకాలం ప్రతిసారీ వాటిల్ మొలకలు ఏరిపారెయ్యాలి. కూలి అటవీశాఖ ఇస్తుంది, ఇచ్చినన్నాళ్ళు. గడ్డి పట్టిన చోట ఊట మళ్ళీ కనిపిస్తోందని వాళ్ళు అంటున్నారట. ఈ మాట ఉడుమలైపేటలో చెప్తే మరిది కాలువ గట్టు మీద కూర్చుని మీసం తిప్పుతాడు.

"పెద్దమ్మా, ఇక్కడ 2030లో కురింజి పూస్తుందా?"

నాటింది గడ్డి, కురింజి కాదు. గింజ రావాలంటే పక్కన ఎక్కడో పొదలు ఏడేళ్ళుగా బతికి ఉండాలి. అవి ఇంకో అయిదేళ్ళు కాలకుండా, దున్నకుండా నిలవాలి. ముప్ఫైలో పూసి కాయ పగిలితే, గింజ కొన్ని గజాలు ఈ వైపుకి పడాలి. అది మొలిచి పూసేది 2042లో, అప్పటికి నేనుంటే డెబ్భై తొమ్మిది. ఇవన్నీ చెప్పి, ముందు ఆ గడ్డి కుదుళ్ళు తెచ్చిన పక్క వాలు మీద పొదలున్నాయేమో చూడమన్నాను. చూసి వచ్చింది. ఉన్నాయట, తొడ ఎత్తు, ఆకులు ముడతలు ముడతలుగా, ఫోటో పంపింది. అవే.

ఆ వాలు పట్టా ఎవరి పేరు మీద ఉందో కనుక్కుని రమ్మన్నాను.